వేలెడు తక్కువ పోసిన టీ

మా వదిన పోయిందన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. రాయగడలో పొద్దున బయల్దేరి ఘాట్ ఎక్కి వచ్చే బస్సు మధ్యాహ్నానికి కోరాపుట్ చేరుతుంది. మా వైపు టెలిగ్రాం కన్నా ఆ బస్సే నమ్మకం. పెళ్ళి కబురైనా చావు కబురైనా కండక్టరు చెవిన వేసి పంపుతాం. ఆ రోజు అతను టిక్కెట్ల సంచీ భుజాన ఉండగానే ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. నా చేతిలో ఇంజక్షన్ల ట్రే ఉండటం చూసి, "ముందు అది కింద పెట్టండి దీదీ" అన్నాడు. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. "మీ భావుజ..." అని ఆగిపోయాడు. భావుజ అంటే ఒడియాలో వదిన.

నేను నర్సుని. చావు నాకు కొత్త కాదు. మా వదిన రొమ్ములో గడ్డ మొదట చేతికి తగిలింది నాకే. విశాఖ పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్ళిందీ నేనే. డాక్టరు నోరు విప్పకముందే ఆయన మొహం చూసి సంగతి గ్రహించిందీ నేనే. అన్నీ తెలిసినదాన్ని, ఇలా జరుగుతుందని తెలిసినదాన్ని, ఆ వరండా గోడకి జారబడి పసిపిల్లలా ఏడ్చాను. వరండా మంచం మీది ముసలమ్మ లేచి వచ్చి నా తల నిమిరింది. రోగులు నర్సుని ఓదార్చడం మా వార్డులో అదే మొదలు.

మీలో చాలామంది మా వదినని చూసి ఉండరు. రాయగడ రైల్వే కాలనీలో ఆమెను ఇంగ్లీషు టీచరమ్మ అనేవారు. ఒడియా పిల్లలు 'అపా' అనేవాళ్ళు, అక్క అని. వాళ్ళు పుట్టకముందు ఆ టీచరమ్మ విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసిందంటే కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మేవారు కాదు. ఆమె చెప్పుకునేదీ కాదు. నేను చెబుతాను. చెప్పడానికి ఇప్పుడు నేనూ, మా అన్నయ్యా, మా అమ్మా తప్ప ఎవరు మిగిలారు?

మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికోసం వచ్చి రాయగడలో ఉండిపోయిన క్రైస్తవ కుటుంబం. నాన్న పాయింట్స్‌మన్‌గా చేసి చేసి ఆ పనిలోనే పోయాడు. అన్నయ్యకి గార్డు ఉద్యోగం వచ్చింది. వదిన వాళ్ళది విశాఖపట్నం. పి.యు.సి. కాగానే విమానాల కంపెనీలో చేరిపోయింది. పాస్టరుగారు సంబంధం తెచ్చేనాటికి ఆమెకి నాలుగేళ్ళ సర్వీసు నిండింది. నాలుగేళ్ళు నిండేదాకా పెళ్ళి చేసుకోకూడదని అక్కడి నియమం. నిండాక చేసుకోవచ్చు. కాని కడుపుతో ఉందని తెలిసిన రోజున ఉద్యోగం ఊడుతుంది. ఈ రెండో నియమం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అరవైల నడుమ మాట ఇది. నేనింకా హైస్కూలు పిల్లని.

పెళ్ళయ్యాక కూడా వదిన కలకత్తాలోనే ఉద్యోగం చేసింది. సెలవు దొరికినప్పుడు రైలెక్కి వచ్చేది. "మావోడు రైలుకి సివర, కోడలు ఇమానానికి నడుమ. ఈలిద్దరూ ఒక సోట కూకుండేది ఎప్పుడో" అని అమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా వేళాకోళమాడేది. ఒక వర్షాకాలంలో వదిన ట్రంకుపెట్టెతో దిగింది. "ఇంక వెళ్ళనత్తమ్మా, మీకు మనవరాలో మనవడో వస్తున్నారు" అంది నవ్వుతూ. మేమంతా సంబరపడ్డాం. ఆ నవ్వు వెనక ఏముందో అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పుట్టింది ఆడపిల్ల. ఆ పిల్లే నా మేనకోడలు.

అమ్మకీ వదినకీ మొట్టమొదట పేచీ వచ్చింది టీ దగ్గర. వదిన ఎవరికి టీ ఇచ్చినా గ్లాసు అంచుకి వేలెడు తక్కువగా పోసేది. మా ఇళ్ళల్లో గ్లాసు నిండకుండా ఇస్తే ఇంక లేచి వెళ్ళమని అర్థం. అమ్మ మొదటిరోజు ఓర్చుకుంది. రెండోరోజు సంఘం పెద్దలు వచ్చినప్పుడు కూడా అలాగే పోసేసరికి పొయ్యి దగ్గరే పట్టుకుంది.

"ఏటే అమ్మి, నిండా పొయ్యడానికి సెయ్యి రాదేటి? మనింట్లో పాలు నేవనుకుంటారు ఆల్లు."

"అలవాటత్తమ్మా. నిండా పోస్తే ఎవరి ఒళ్ళో పడతాదో తెలీదు. పైన గాలి కుదుపుతాది."

"ఇక్కడ గాలెక్కడుంది? ఇది వంటిల్లు."

అమ్మ గిన్నె అందుకుని ఆ గ్లాసుల్ని అంచుదాకా నింపేసింది. అది మొదలు మా ఇంట్లో టీ రెండు విడతల్లో తయారయ్యేది. వదిన వేలెడు తక్కువగా పోసేది, అమ్మ వచ్చి నింపేది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఇరవై ఏళ్ళు పైగా సాగిన వ్యవహారం అది. అత్తాకోడళ్ళ పోరు అంటే మా ఇంట్లో అంతే, అంతకుమించి ఏమీ లేదు.

ఆమె అలవాట్లన్నీ అలాగే ఉండేవి. అలమర గడియ వేశాక ఒకసారి లాగి చూసేది. పిల్లలతో మాట్లాడాలంటే నడుం వంచేది కాదు, మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడేది. బస్సెక్కితే కూర్చునే ముందు అందరినీ ఒకసారి కళ్ళతో లెక్కపెట్టేది. చర్చికి వెళ్తే తలుపు ఎక్కడుందో చూసుకుని కూర్చునేది. "నువ్వు ప్రార్థన చేసుకుంటున్నావా, పారిపోయే దారి చూసుకుంటున్నావా?" అని నేను ఆటపట్టిస్తే, "రెండూ ఒకటే అమ్మి" అనేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కోరోజు మా ఊరి మీదుగా విమానం పోయేది. చాలా పైన, శబ్దమే గాని సరిగ్గా కనబడేది కాదు. వదిన చేతిలో పని ఆపేది. "హైదరాబాదు పోయేదయ్యుంటాది" అని, కాసేపు విని, "ఇప్పుడు ట్రేలు వెనక్కి తీసుకుంటారు" అనేది. ఒక్కోసారి "ఇప్పుడు టీ పోస్తారు" అనేది. శబ్దం పోయేదాకా తల ఎత్తేది కాదు. "పైకి సూడవేటి?" అని అమ్మ అడిగితే, "చూస్తే ఏం కనబడతాదత్తమ్మా" అని మళ్ళీ గిన్నెలు తోముకునేది.

ఇప్పుడు మా అమ్మ చేసిన పొరపాటు చెప్పాలి. మా వదిన జీవితం ఆ పొరపాటు చుట్టూనే తిరిగింది. విమానంలో దొరలతో ఇంగ్లీషు మాట్లాడే పిల్ల బియ్యే చదవకుండా ఎలా ఉంటుందని అమ్మ అనుకుంది. ఎవరినీ అడగలేదు. అనుకోవడంతో ఆగితే ఫర్వాలేదు, కాలనీ అంతా చెప్పింది. సంతలో చెప్పింది, చర్చిలో చెప్పింది, ఏడాదికోసారి కొట్పాడ్ చీరలు మూటగట్టుకుని వచ్చే నేతగాడికి కూడా చెప్పింది. అతను ఒక చీర వెల తగ్గించి మరీ ఇచ్చిపోయాడు. చదువుకున్న కోడలున్న ఇల్లని మా గుమ్మానికి ఒక గౌరవం వచ్చింది.

ఆ పేరు విని ఒక ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెస్‌గారు ఒకరోజు మా ఇంటికి వచ్చింది. ఇంగ్లీషు టీచరు కావాలంది. వదినతో కాసేపు మాట్లాడి, "సర్టిఫికెట్లు పట్టుకుని సోమవారం రామ్మా" అంది. అమ్మ మొహం వెలిగిపోయింది. అంచుదాకా పోసిన టీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. వదిన మాత్రం నేల చూస్తూ కూర్చుంది. ఆవిడ గేటు దాటాక నెమ్మదిగా చెప్పింది.

"అత్తమ్మా, నేను బియ్యే కాదు. పి.యు.సి.యే."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మరి ఆ ఇంగ్లీసంతా?"

"కాన్వెంటు ఇంగ్లీషు. నాలిక మీదుంది, కాయితం మీద లేదు."

"ఊరంతా సెప్పీసేనే తల్లీ. ఇప్పుడు నా మొకం ఎక్కడెట్టుకుంటాను?"

నేనైతే అత్తగారితో అప్పుడో మాట అనేసేదాన్ని. వదిన లేచి అమ్మ చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. "మీ మాట అబద్ధం చెయ్యనత్తమ్మా. కాస్త ఆలస్యంగా నిజం చేస్తాను" అంది. సోమవారం తనే బడికి నడిచి వెళ్ళి ఉన్నమాట చెప్పి వచ్చింది. "డిగ్రీ అయ్యాక రామ్మా, చోటుంటే తప్పకుండా తీసుకుంటాను" అన్నదట ఆవిడ. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ వదిన ఒక క్షణం ఆగింది. "ఈ మాట నాకు ఇది రెండోసారి" అంది. మొదటిసారి ఎక్కడ విన్నదో అప్పుడు చెప్పలేదు.

అలా మొదలైంది ఆమె చదువు. చంకలో పిల్ల, పొయ్యి మీద అన్నం, గోడకి ఆనించిన పుస్తకం. ప్రైవేటుగా కట్టి, పరీక్షలు విజయనగరం వెళ్ళి రాసేది. అన్నయ్య అప్పటికి పాసింజరు గార్డయ్యాడు. పరీక్షల రోజుల్లో అతని డ్యూటీ బండిలోనే వెళ్ళేది. గార్డు పెట్టెకి ముందున్న పెట్టెలో కిటికీ పక్క కూర్చుని చదువుకునేది. బండి పార్వతీపురంలో ఆగితే అన్నయ్య దిగివచ్చి కిటికీలోంచి మంచినీళ్ళిచ్చేవాడు. బొబ్బిలిలో ఆగితే వచ్చి ప్రశ్న అడిగేవాడు. అతను పట్టుకున్న పుస్తకంలో ముక్క అతనికి అర్థమయ్యేది కాదు. ప్రశ్నార్థకం ఉన్న చోట వేలు పెట్టుకుని చదివేవాడు. ఈలోగా సిగ్నలు పడితే జవాబు వినకుండానే పరుగెత్తేవాడు.

కాలనీ ఊరుకుంటుందా? బియ్యే చదివిన పిల్లతల్లికి మళ్ళీ పాఠాలేమిటని నవ్వారు. ఉద్యోగం ఎందుకు తీసేశారో ఏమోనని సన్నగా గొణిగారు. నవ్విన నాపచేనే పండుతుందని అమ్మ వాళ్ళకి సామెత చెప్పి వచ్చేది గాని, ఇంటికి వచ్చాక కూర్చుని కుమిలిపోయేది. తన నోటి తొందర వల్లే కోడలికి ఈ తిప్పలని ఆమె బాధ.

మా క్వార్టర్సు పట్టాల పక్కనే. బండి రాయగడ చేరేముందు మా పెరడు దాటే పోతుంది. ఫలితాలు పేపర్లో వచ్చే రోజున అన్నయ్య విజయనగరంలోనే పేపరు కొని చూసేవాడు. పాసైతే గార్డు పెట్టెలోంచి పచ్చజెండా చూపిస్తానని చెప్పి వెళ్ళాడు. మొదటిసారి మేమందరం పెరట్లో నిలబడ్డాం. బండి వచ్చింది. చివరి పెట్టె దాటింది. అన్నయ్య జెండా చంకలో పెట్టుకుని అటువైపు చూస్తూ నిలబడ్డాడు. వదిన "పోయింది" అంది. "సరే, బియ్యం కడగాలి" అని లోపలికి వెళ్ళింది. బియ్యం చాలాసేపు కడిగింది.

మళ్ళీ కట్టింది. ఈసారి బండి ఇంకా మలుపు తిరుగుతుండగానే మాకు పచ్చరంగు కనబడింది. అన్నయ్య ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒళ్ళంతా బయటికి వేసి జెండా ఊపుతున్నాడు. పట్టాల పక్క గ్యాంగువాళ్ళు పనులాపి చూశారు. అమ్మ పెరట్లో మట్టి మీద కూలబడి దేవునికి స్తోత్రం చెప్పింది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని, సరాసరి కాలనీలోకి వెళ్ళింది. "మా కోడలు బియ్యే" అని మళ్ళీ గడప గడపకీ చెప్పి వచ్చింది. అందరికీ తెలిసిన సంగతే కదా, మళ్ళీ ఎందుకు చెబుతోందని కొందరు వింతపడ్డారు.

అదే బడిలో చోటు దొరికింది. కొట్పాడ్ నేత చీర, ముదురు ఎరుపు అంచుది, మడతలన్నీ కుదిరేలా పైటకి పిన్ను పెట్టి కట్టుకుని బడికి వెళ్తుంటే రోడ్డు మీద ఎవరైనా పక్కకి తప్పుకునేవారు. సాయంత్రాలు మా వరండా నిండా ఆడపిల్లలు ఉండేవారు. వాళ్ళలో ఒకరిద్దరు అపాలాగా విమానం ఎక్కాలని ఉందనేవారు. వదిన వద్దనేది కాదు. గ్లాసులు పెట్టిన పళ్ళెం ఇచ్చి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవమనేది. నడక చూసి, "బాగుంది. ముందు డిగ్రీ తెచ్చుకో, తర్వాత రెక్కలు" అనేది. టీ ఇవ్వడానికి డిగ్రీ ఎందుకపా అని ఒక పిల్ల అడిగితే, "టీ ఇవ్వడానికి అక్కర్లేదు. టీ ఇవ్వడం మానమన్న రోజున కావాలి" అంది. ఆ పిల్లకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఒకరోజు నేను సెలవు మీద వచ్చి ఉన్నప్పుడు పేపర్లో వార్త వచ్చింది. కడుపుతో ఉన్న హోస్టెస్‌ని తీసెయ్యడం తప్పని కోర్టు తేల్చిందట. వదిన ఆ వార్త రెండుసార్లు చదివింది. "ఎవరో అడిగారు. నేను అడగొచ్చని కూడా నాకు తెలీలేదు" అంది. పేపరు నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద దోపింది. ఆ మధ్యాహ్నం విమానం పోయింది గాని ఆమె ఏమీ అనలేదు.

ఇంక నా మేనకోడలి సంగతి. కోటి విద్యలు కూటి కొరకే అంటారు గాని, దానికి కూటి కోసం కాదు, ఆకాశం కోసమే చదువు. పిల్ల పళ్ళెం పట్టుకుని నడిస్తే గ్లాసుల్లో నీళ్ళు కదిలేవి కావు. ఇంటరు కాగానే ప్రకటన చూసి, తండ్రి చేత రైలు పాసు తీయించుకుని కలకత్తా వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. ఎంపికైంది. ఇంటరు చాలన్నారు. అమ్మ మిఠాయిలు తెప్పించింది. అన్నయ్య పచ్చజెండా ఇంట్లోనే ఊపాడు. వదిన ఒక్కతే, "డిగ్రీ అయ్యేదాకా పంపను" అంది.

ఇల్లు ఇల్లుగా లేకుండా పోయింది. పిల్ల అన్నం మానేసింది. నన్ను కోరాపుట్ నుంచి పిలిపించారు. నేను వెళ్ళేసరికి తల్లీ కూతురూ వంటింట్లో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"నువ్వు ఎక్కలేదా పి.యు.సి.తో? నాకెందుకీ అడ్డు?"

"ఎక్కడానికి చాలింది. దిగినప్పుడు చాల్లేదు."

"గుంటని ఎల్లనియ్యే" అంది అమ్మ గుమ్మంలోంచి. "మల్లీ పిలుత్తారో నేదో. వొచ్చిన అదురుస్టాన్ని కాల్దన్నుకుంటామా?"

అప్పుడు చెప్పింది వదిన. అన్నేళ్ళూ మాకెవరికీ చెప్పనిది, గచ్చు మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"నన్ను దింపిన రోజున ఆఫీసులో యూనిఫాం చీరలు తిరిగి తీసుకున్నారు. ఆ ఆఫీసరు మంచాయనే. నేను అడిగాను. నేల మీద ఏదో ఒక పనియ్యండి, టిక్కెట్ల దగ్గరో, కొత్తగా వచ్చినోళ్ళకి నేర్పేకాడో అన్నాను. ఏం చదివావమ్మా అన్నాడు. పి.యు.సి. అన్నాను. డిగ్రీ అయ్యాక రామ్మా, చూద్దాం అన్నాడు. ఆ పక్క కుర్చీలో నా తర్వాత చేరిన పిల్లొకర్తి కూకుంది. దాని కడుపులోనూ బిడ్డే. దాన్నీ విమానం నుంచి దింపేశారు. కాని దానికి డిగ్రీ ఉంది. అది ఆ కుర్చీలో కూకుంది, నేను మెట్లు దిగాను. పని నాకే బాగా వచ్చు. అదీ ఒప్పుకుంటాది."

పిల్ల తల్లి ఎదురుగా కూలబడింది. "అంటే నా మూలాన్నే కదా నీ ఉద్యోగం పోయింది."

"నీ మూలాన కాదమ్మి. నా చదువు చాలక పోయింది. నువ్వొచ్చావు, అది పోయింది. రెండూ ఒక రోజున జరిగాయి, అంతే."

పిల్ల ఒప్పుకుందని చెప్పను. ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. రాయగడలోనే కాలేజీలో చేరింది. తల్లితో అవసరానికే మాట్లాడేది. వదిన మాత్రం దాని పక్కన కూర్చుని అది చదివినంతసేపూ తన పిల్లల కాంపోజిషన్లు దిద్దుకునేది. ఒకే దీపం, ఇద్దరూ. ఏ నెల్లోనో గాని, పుస్తకంలో ఏదో అడగడానికి పిల్ల నోరు విప్పింది. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఆఖరి సంవత్సరం నేను వెళ్ళినప్పుడు ఇద్దరూ పుస్తకం మధ్యలో పెట్టుకుని ఎందుకో పగలబడి నవ్వుతున్నారు. నాకు కారణం చెప్పలేదు.

"మళ్ళీ పిలవకపోతే ఏం చేస్తావొదినా?" అని ఆ రోజుల్లో నేనొకసారి అడిగాను. బావి దగ్గర బట్టలు జాడిస్తోంది. "బతికినన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటాది" అంది. "తిట్టుకుంటూ డిగ్రీతో ఉంటాది." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ఆ మూడేళ్ళూ ఆమె సరిగ్గా నిద్రపోలేదని అన్నయ్య తర్వాత చెప్పాడు.

పిలిచారు. పిల్ల డిగ్రీ పట్టా పట్టుకుని వెళ్ళి మళ్ళీ ఎంపికై వచ్చింది. ఆ వారంలోనే, వదినకి భుజం నొప్పిగా ఉందంటే నూనె రాస్తూ, నా చేతికి గడ్డ తగిలింది.

పిల్లని శిక్షణకి బొంబాయి పంపేదాకా మాకు నోరు విప్పనివ్వలేదు. ఆపరేషను అయింది, రేడియేషను కరెంటు పెట్టారు, మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది. తలకి కొట్పాడ్ గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చునే బడి పిల్లల నోటు పుస్తకాలు దిద్దింది. మధ్యలో పిల్ల సెలవు మీద వచ్చింది. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని అక్కడి కబుర్లు చెప్పింది. తమకి పాఠం చెప్పే ఆవిడ ఒకప్పుడు హోస్టెసేనట, పిల్లలు పుట్టాక నేల మీదకి వచ్చిందట, చాలా గట్టి మనిషట.

"ఏం చదివిందట?" అంది వదిన.

"బియ్యే అమ్మా."

వదిన గుమ్మం దగ్గరున్న అమ్మ వైపు చూసి నవ్వింది. "మనలాగేనత్తమ్మా" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మొదటి డ్యూటీకి ఇంకా కొద్దిరోజులుందనగా వదిన పోయింది. విశాఖ దాకా విమానంలో వచ్చిన పిల్ల, అక్కడ్నుంచి రాయగడకి పాసింజరులో వచ్చింది. తండ్రి గార్డుగా వెళ్ళే బండే అది, ఆ రోజు వేరే గార్డున్నాడు. పిల్ల కోసం శవపేటిక మూయకుండా ఉంచాం. చూసింది. తల్లి తలకున్న గుడ్డ సరిచేసింది. యూనిఫాం చీర తల్లికి చూపిద్దామని పెట్టెలో పెట్టుకుని వచ్చిందట. ఆ పెట్టె మూత తియ్యనేలేదు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మేం నలుగురం వరండాలో కూర్చున్నాం. అన్నయ్య పట్టాల వైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి పిల్ల అంది, "నన్నప్పుడే పంపి ఉంటే, అమ్మ నన్ను ఆ చీరలో చూసేది. మూడేళ్ళు చూసేది." ఎవరితో అంటోందో తెలియదు. అది చెప్పింది నిజమే. చదువుకి ఆ తల్లీ కూతుళ్ళు చెల్లించింది అదే, దాన్ని ఇంకే మాటతోనూ నేను కప్పలేను.

అమ్మ మనవరాలి వైపు జరిగింది. "నానూ అప్పుడు పంపీమనే అన్నాను. నా నోటంట వొచ్చిన వొక్క మాట నిజం సెయ్యడానికి మీ యమ్మ సంటిపిల్లనెత్తుకుని ఎన్నేల్లు సదివిందో నాను సూసేను. ఎనకాల పరిగెట్టి సదవడం ఎంత కట్టమో దానికి తెల్సు. నిన్నలా పరిగెట్టనివ్వకూడదనుకుంది. అంతేనమ్మి. అంతకన్నా నాకు తెల్దు."

పిల్ల నాన్నమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. అప్పుడే పైన విమానం పోయింది. అన్నయ్య తల ఎత్తాడు. నేను ఎత్తాను. ఏమీ కనబడలేదు.

"ఇప్పుడేటి సేత్తారమ్మి?" అంది అమ్మ.

పిల్ల కాసేపు విన్నది. తల ఎత్తకుండానే, "టీ పోస్తారు నాన్నమ్మా" అంది.

అమ్మ దాని తల మెల్లగా దించి, గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యి వెలిగిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి రెండు చేతులతో ఒక గ్లాసు పట్టుకుని ఉంది. కింద నేల కదులుతున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ వచ్చి మనవరాలి ముందు ఆగింది. నడుం సహకరించకపోయినా మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసు అందించింది. ఇరవై ఏళ్ళకు పైగా ఒక్కరోజూ ఓడని మనిషి. ఆ గ్లాసులో టీ అంచుకి వేలెడు కిందికి ఉంది.